తెవికీలో తగవు వస్తే ముందు వాక్యం పట్టుకోండి

తెలుగు వికీపీడియాలో, అంటే మేమంతా తెవికీ అని పిలుచుకునే చోట, తగవులు పెద్ద పెద్ద సిద్ధాంతాల మీద రావు. ఊరు ఏ జిల్లాలో ఉంది, పేరులో దీర్ఘం ఉందా లేదా, ఫలానా నాయకుడు ఏ ఏట పుట్టాడు, ఈ రచయితకు అసలు విడిగా వ్యాసం ఉండాలా, ఇవే ఎక్కువ. ఉద్యోగమంతా మండల రెవెన్యూ కార్యాలయాల్లో గడిపి, రిటైరయ్యాక ఊళ్ల వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టినదాన్ని కాబట్టి హద్దుల తగాదాలు నాకు కొత్త కాదు. ఆఫీసులో అయితే అడంగలో పహాణీయో తెరిచి, వేలు పెట్టి చూపించి, ఇద్దరినీ పంపేసేవాళ్లం. తెవికీలో తహసీల్దారు లేడు. ఎవరి సంతకమూ చివరిది కాదు.

నిర్వాహకులు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. పేజీని తొలగించడం, మార్పులు జరగకుండా సంరక్షించడం, హద్దు మీరిన వాడుకరిని నిరోధించడం వారి చేతిలో ఉన్న పనులు. ఒక నాయకుడు పుట్టింది 1897లోనా 1898లోనా అని తీర్పు చెప్పే అధికారం వారికి లేదు. వ్యాసంలోని విషయం దగ్గర వారి మాటకూ మీ మాటకూ ఒకటే విలువ. ఈ సంగతి తెలియక చాలామంది మొదటి రోజే నిర్వాహకుల చర్చ పేజీకి పరుగెత్తుతారు. అక్కడ ఊరట దొరకకపోతే పక్షపాతమని అలిగి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లలో మంచి రాతగాళ్లు కూడా ఉన్నారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

రద్దు నొక్కే ముందు

మీరు రాసినదాన్ని ఎవరో తీసేశారు. ముందు పేజీ చరిత్ర తెరిచి రెండు కూర్పుల మధ్య తేడా చూడండి. మొత్తం తీశారా, ఒక్క వాక్యమే తీశారా? తీసినవారు పాతకాపా, ఖాతా లేకుండా వచ్చినవారా? మార్పు ఎందుకు చేశారో చెప్పే దిద్దుబాటు సారాంశం పెట్టెలో ఏమైనా రాశారా? ఈ మూడూ చూడకుండానే, అవతలివారి మార్పును వెనక్కి తిప్పే రద్దు మీట నొక్కేవారే ఎక్కువ. తీరా చూస్తే అవతలివారు మీ పేరా జోలికే వచ్చి ఉండరు, పైనున్న సమాచారపెట్టె, అంటే ముఖ్య వివరాల పట్టిక, సరిచేస్తుంటే ఒక ముక్క చెదిరి ఉంటుంది.

సారాంశం ఖాళీగా ఉందని ఉడుక్కోకండి. పాతవాళ్లకు సారాంశం రాసే అలవాటు తప్పడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు ఆ పెట్టెలో 255 బైట్లే పట్టేవి. తెలుగు అక్షరం ఒక్కటీ మూడు బైట్లు తింటుంది, గుడీ కొమ్మూ ఒత్తూ వేటికవే లెక్క. సరిగ్గా కారణం చెప్పబోయే చోట మాట తెగిపోయేది. 2018లో ఆ పరిమితిని 500 అక్షరాలకు పెంచారు. ఇప్పుడు చోటుకు కొదవ లేదు, కాబట్టి మీరు మాత్రం రాయండి. ‘మూలం లేదు కాబట్టి తీశాను, మూలం ఇస్తే తిరిగి చేర్చవచ్చు’ అన్న ఒక్క ముక్క ఎన్నో గొడవలను పుట్టకముందే ఆపుతుంది. ‘తప్పు’ అన్న ఒంటి మాట మాత్రం గొడవను పుట్టించి పెడుతుంది.

వికీపీడియాలో నడిచే పద్ధతి ఒకటుంది: ఒకరు చొరవగా మారుస్తారు, ఇంకొకరు రద్దు చేస్తారు, ఆ తరువాత చర్చ. మూడో అడుగు మళ్లీ మార్పు కాకూడదు, అంతే. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే నిరోధం పడుతుంది. ఆ నియమం చదివి మూడు తిప్పుళ్లు తన హక్కు అనుకునే మహానుభావులు ఉంటారు. మూడుకు లోపైనా అది దిద్దుబాటు యుద్ధమే అవుతుందని అక్కడే రాసి ఉంది. తెవికీలో క్రమం తప్పకుండా రాసేవారు కొద్దిమందే. రెండో తిప్పుడుకే ఇటీవలి మార్పుల జాబితాలో అందరి కంటా పడతారు. రేపు ఇంకో వ్యాసంలో మళ్లీ ఆ మనిషితోనే పనిపడుతుంది.

చర్చ నడుస్తున్నంతసేపు ఏ కూర్పు ఉండాలి? మామూలుగా గొడవకు ముందు నిలకడగా ఉన్నది. దీనికి రెండు మినహాయింపులు. బతికున్న మనిషి మీద ఆధారం లేకుండా నింద రాసి ఉంటే వెంటనే తీసేయాలి, చర్చ తరువాత. ఏ పుస్తకం నుంచో పత్రిక నుంచో యథాతథంగా ఎత్తి పెట్టిన పాఠమైనా అంతే, కాపీహక్కుల విషయంలో బేరం లేదు.

గొడవను వాక్యం దాకా దించడం

నాకు తెలిసిన పద్ధతుల్లో పనికొచ్చేది ఇదొక్కటే అనుకున్నా ఫరవాలేదు. ‘ఈ వ్యాసం ఏకపక్షంగా ఉంది’, ‘మా ప్రాంతానికి అన్యాయం జరిగింది’, ‘మీకు చరిత్ర తెలియదు’ వంటి మాటల మీద ఏడాదిపాటు వాదించినా తేలదు. వ్యాసంలో ఏ వాక్యం మీకు నచ్చలేదు? దాని స్థానంలో ఏ వాక్యం ఉండాలంటారు? ఈ రెంటినీ చర్చ పేజీలో ఒకదాని కింద ఒకటి పెట్టమని అడగండి. సగం తగవులు అక్కడే చల్లారతాయి, ఎందుకంటే రెండో వాక్యం చాలామంది దగ్గర ఉండదు.

నా సొంత పొలం లాంటి ఊళ్ల వ్యాసాలనే తీసుకోండి. తెవికీలో ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి, చాలావాటిలో లెక్కలు 2011 జనగణన నుంచి తెచ్చినవి. ఆ జనగణన నాటికి తెలంగాణ ప్రాంతంలో ఉన్నవి 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. ఇప్పుడు ఒకాయన జనగణన పుస్తకం చూపించి పాత జిల్లా పేరు రాస్తాడు. ఇంకొకాయన ప్రభుత్వ ఉత్తర్వు చూపించి కొత్త జిల్లా పేరు పెడతాడు. ఇద్దరి చేతిలోనూ సర్కారు కాగితమే ఉంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరిది ‘ఈ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు, మరొకరిది ‘ఈ లెక్క తీసిన నాడు ఏ జిల్లాలో ఉంది’ అన్న ప్రశ్నకు. రెండు ప్రశ్నలను ఒకే వాక్యంలో ఇరికించడం వల్లే తంటా. మొదటి వాక్యంలో ఉత్తర్వు ప్రకారం ఇప్పటి జిల్లా, మండలం రాయాలి. ఏ తేదీ నుంచి మారిందో, అంతకుముందు ఎక్కడుందో రెండో వాక్యంలో చెప్పాలి. జనాభా పేరాలో సంవత్సరం తప్పకుండా వేయాలి.

జనాభా అంకె మీద ఇంతకన్నా ముదిరిన గొడవలు వస్తాయి. ‘మా ఊళ్లో అయిదు వేల మంది ఉంటే రెండు వేలని రాస్తారా’ అని కోపంగా అంకె మార్చేస్తారు. జనగణన లెక్క పల్లెల్లో రెవెన్యూ గ్రామం వారీగా ఉంటుంది. పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు, చిన్న చిన్న రెవెన్యూ గ్రామాలు రెండు కలిసి ఒక పంచాయతీ కావచ్చు. శివారు పల్లె పెద్దదై, బస్సు స్టాపూ హైస్కూలూ అక్కడికే వచ్చి, అసలు రెవెన్యూ గ్రామం చిక్కిపోయి ఉండవచ్చు. ఆ శివారు పల్లె మనిషి వ్యాసం తెరిచి తన ఊరు పేరే కనబడకపోతే ఊరుకుంటాడా? ‘జనగణనలో లేదు’ అని ఆయన మార్పును రద్దు చేయడం సులువే. అంకె పక్కన అది దేని లెక్కో రాసి, ‘ఈ రెవెన్యూ గ్రామ పరిధిలోని శివారు పల్లెలు’ అని ఒక వాక్యం చేర్చి, పంచాయతీ లెక్కకు ఆధారం ఉంటే చూపమని ఆయననే అడగడం ఇంకో దారి. ఈ రెండో దారిలో తెవికీకి ఒక వాక్యం మిగులుతుంది, ఒక మనిషీ మిగులుతాడు.

ఊరి పేరులో అక్షరాల తగాదా కూడా ఇలాంటిదే. జనగణన జాబితాలు చాలాకాలం మనకు దొరికింది ఇంగ్లీషు అక్షరాల్లో. అందులో ల, ళ ఒకటే. త, ట ఒకటే. హ్రస్వదీర్ఘాల తేడా లేదు. దాన్నుంచి తెలుగులోకి తెచ్చినవారు ఊరు చూసి ఉండరు. ఇక్కడ స్థానికుడి మాటకు బరువు ఇవ్వండి, ఆ తరువాత తెలుగులో అచ్చయిన ఆధారం వెతకండి. ఓటర్ల జాబితాలు తెలుగులో ఉంటాయి, జిల్లాల ఉత్తర్వుల తెలుగు ప్రతులు ఉంటాయి. పంచాయతీ కార్యాలయం బోర్డు ఫొటో తీసి, వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లోకి ఎక్కిస్తే చర్చ సాయంత్రానికి ముగుస్తుంది.

పుట్టిన సంవత్సరం: ఒక ఉదాహరణ దగ్గరి నుంచి

అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1897, మరికొన్నింటిలో 1898. జూలై 4 అన్న దగ్గర పేచీ లేదు. పుట్టిన ఊరు కూడా అంతే, విశాఖ వైపు పాండ్రంగి అని కొందరు, భీమవరం దగ్గరి మోగల్లు అని కొందరు. ఇలాంటి వ్యాసంలో ఏటా జూలై మొదటి వారంలో అంకె అటూ ఇటూ మారకపోతే ఆశ్చర్యపోవాలి.

2022 జూలై 4న ప్రధాని నరేంద్ర మోదీ భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించి, ఏడాదిపాటు సాగే 125వ జయంతి ఉత్సవాలను ప్రారంభించారు. ఈ వార్తను మూలంగా పెట్టి ఒకరు అంటారు: 2022లో నుంచి 125 తీసేస్తే 1897, ప్రభుత్వమే తేల్చేసింది. ఇంకొకరు అంటారు: ఏడాదిపాటు ఉత్సవాలంటే 125వ ఏడు మొదలైందని అర్థం, అంటే 124 నిండాయి, కాబట్టి 1898. ఒకే వార్త, రెండు లెక్కలు, ఇద్దరికీ తామే గెలిచామని నమ్మకం.

ఇక్కడ చేయాల్సిన పని లెక్కను సరిచూడటం కాదు. వార్తలో ఉన్న అంకె నుంచి మనం సంవత్సరం రాబట్టడమే వికీపీడియాలో కూడని పని, దాన్ని మౌలిక పరిశోధన అంటారు. సంవత్సరాన్ని సూటిగా చెప్పిన జీవిత చరిత్రలు, పరిశోధన గ్రంథాలు తెచ్చి చర్చ పేజీలో వరసగా పెట్టాలి: ఏ పుస్తకం, ఏ పుట, ఏమని ఉంది. ఆ రచయిత దేన్ని ఆధారం చేసుకున్నాడో చెప్పి ఉంటే అదీ రాయాలి. వర్ధంతికీ జయంతికీ వచ్చే పత్రికా వ్యాసాలను ఈ వరసలో చివర నిలబెట్టండి. వాటిలో కొన్ని తెవికీని చూసి రాసినవే, మనం రాసినది మనకే మూలంగా తిరిగొస్తుంది. అనుమానం వస్తే ఆ పత్రికా వ్యాసం తేదీ చూడండి, తెవికీ పేజీ చరిత్రలో ఆ అంకె అంతకుముందే ఉందేమో చూడండి.

అన్నీ చూశాక మెజారిటీ మూలాలు ఒకవైపు మొగ్గితే ఆ సంవత్సరం వ్యాసంలో ఉంటుంది, రెండోది ‘కొన్ని రచనల్లో ఇలా ఉంది’ అని మూలంతో సహా పక్కనే ఉంటుంది. సరిసమానంగా ఉంటే రెండూ ఉంటాయి. వాదించుకున్నవాళ్లలో ఎవరికీ ఇది పూర్తిగా నచ్చదు. చదివేవాళ్లకు మాత్రం మేలు, ఇందులో పేచీ ఉందని తెలుస్తుంది.

కులాల దగ్గరికి వచ్చేసరికి ఇదే పద్ధతిని రెట్టింపు ఓపికతో వాడాలి. కాకతీయుల శాసనాల్లోనే కొన్ని వారిని చతుర్థ కులజులని, అంటే నాలుగో వర్ణంవారని, చెబుతాయి, కొన్ని సూర్యవంశంతో ముడిపెడతాయి. ఎవరికి కావలసిన శాసనం వారు పట్టుకొస్తారు. శాసనం చదివి వంశ నిర్ణయం చేయడం మన పని కాదు. చరిత్రకారులు ఆ శాసనాలను ఎలా అర్థం చేసుకున్నారో, ఎక్కడ ఏకాభిప్రాయం లేదో, ఎవరి అభిప్రాయమో పేరుతో సహా రాయాలి. కుల సంఘాల సావనీర్లు మూలాలుగా వస్తే మర్యాదగా పక్కన పెట్టండి, మారు మాట్లాడకుండా మాత్రం తీసేయకండి. ఎందుకు పనికిరాదో రెండు వాక్యాలు రాసి తీసేస్తే, అదే సావనీర్ పట్టుకొచ్చే తరువాతి మనిషికి ఆ రెండు వాక్యాలనే చూపించవచ్చు.

చర్చ పేజీలో మాట తీరు

‘మీరు ఇష్టం వచ్చినట్టు తీసేస్తున్నారు, మీకు ఈ విషయం మీద ఏం అవగాహన ఉంది?’ అని మొదలైన చర్చ ఎక్కడికి పోతుందో చెప్పనక్కర లేదు. నేను మొదటి సందేశం ఇలా రాస్తాను: ‘నమస్కారం. రెండో పేరాలో మండలం పేరు మార్చారు. నేను చూసిన ఉత్తర్వులో పాత మండలమే ఉంది, లింకు కింద ఇచ్చాను. మీరు చూసిన ఆధారం ఇవ్వగలరా? అప్పటిదాకా నేను ఆ పేరా ముట్టుకోను.’ చివరి వాక్యం ముఖ్యం. అవతలివారి చేతిని రద్దు మీట మీద నుంచి తీయించేది అదే.

వ్యాసంలోని విషయం మీద చెప్పదలచుకున్నది వ్యాసం చర్చ పేజీలోనే చెప్పండి, మనిషి సొంత చర్చ పేజీలో వద్దు. వ్యాసం దగ్గరుంటే మిగతావాళ్లు చూస్తారు, అయిదేళ్ల తరువాత వచ్చేవాళ్లూ చూస్తారు. పిలవాలంటే వాడుకరి పేరును లింకుగా ఇవ్వండి, వారికి కబురు చెప్పే గంట మోగుతుంది. ఇక్కడ ఒక చిక్కు. పేరు లింకూ, నాలుగు టిల్డాలతో (~~~~) పెట్టే సంతకమూ ఒకే దిద్దుబాటులో పడితేనే ఆ గంట మోగుతుంది. సంతకం మరచి, తరువాత వచ్చి చేర్చితే మోగదు. ‘పిలిచినా పలకడం లేదు, లెక్కలేనితనం’ అని నొచ్చుకున్న సందర్భాల్లో కొన్ని ఈ టిల్డాల పుణ్యమే. జవాబు రాకపోతే ఒకసారి ఆ సందేశంలో సంతకం ఎలా పడిందో చూసుకోండి, ఆ తరువాత వారం ఆగండి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మాత్రమే తెవికీ తెరిచేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో రోజున ‘జవాబు లేదు కాబట్టి ఒప్పుకున్నట్టే’ అనడం న్యాయం కాదు.

కొత్తవాళ్లతో తరచుగా వచ్చే ఒక రగడ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెవికీలో జీవిత చరిత్రలు ఏకవచనంలో ఉంటాయి. ‘రాశాడు’, ‘జన్మించింది’ అని ఉంటుంది, గారూ శ్రీ ఉండవు. ఎంతటివారికైనా ఇదే శైలి, ఒకరికి గౌరవ వాచకం తగిలించి ఇంకొకరికి మానేస్తే ఆ ఎంపికే పక్షపాతమవుతుందని చాలాకాలం కిందటే ఒప్పుకున్న పద్ధతి. మన ఇళ్లలో పెద్దవాళ్లను అలా అనం కాబట్టి కొత్తగా వచ్చినవారి మనసు కలుక్కుమంటుంది. ఒక మహాకవి వ్యాసంలో ‘డు’లన్నీ ‘రు’లుగా మార్చి, వ్యాసానికి మేలు చేశామని సంతోషపడతారు. పది నిమిషాల్లో అదంతా రద్దవుతుంది. అవతలి మనిషి దృష్టిలో మనం ఆ కవిని రెండుసార్లు అవమానించినవాళ్లం. రద్దు చేయక తప్పదు. కాని చేసిన చేత్తోనే వారి చర్చ పేజీకి వెళ్లి, శైలి పేజీ లింకు ఇచ్చి, వారు చేసిన మిగతా మార్పుల్లో పనికొచ్చినదాన్ని పేరుపెట్టి చెప్పండి. ఏదో ఒకటి ఉంటుంది, ఒక తేదీయో, ఒక పుస్తకం పేరో. ఈ పద్ధతే మారాలని వారంటే అదీ తప్పు కాదు, ఒక కవి వ్యాసంలో కాకుండా, తెవికీ అంతటికీ సంబంధించిన చర్చలు జరిగే రచ్చబండ పేజీలో అడగమనండి.

పేరు మీద పేచీ

వ్యాసం శీర్షిక మీద వచ్చే గొడవలు పొడవుగా సాగుతాయి, ఎందుకంటే శీర్షిక ఒక్కటే ఉండగలదు. రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది 2015లో. నాలుక మీద ఇంకా రాజమండ్రే. దారిమార్పు పేజీ అనే సౌకర్యం దీనికోసమే ఉంది, ఏ పేరు కొట్టినా ఒకే వ్యాసానికి చేరతారు. మొదటి వాక్యంలో రెండు పేర్లూ ఉంటాయి. ఇక శీర్షికలో ఏది ఉన్నా చదువరికి నష్టం లేదన్న సంగతి ముందుగా ఒప్పుకుంటే మిగతా చర్చ ప్రశాంతంగా జరుగుతుంది.

ఇది మన జబ్బే అనుకోకండి. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు వ్యాసం శీర్షికలో ఒక అక్షరం ఉండాలా వద్దా అని 2003 నుంచి 2011 దాకా తన్నుకున్నారు. బ్రిటిషు వర్ణక్రమమా అమెరికా వర్ణక్రమమా అన్నదే తగవు. అదే చోట పోలండులోని గడాన్‌స్క్ నగరం సంగతి మాత్రం తెలివిగా తేల్చారు. జర్మనులు దాన్ని డాంజిగ్ అంటారు. 2005లో ఓటింగు పెట్టి, 1308 నుంచి 1945 వరకు జరిగిన చరిత్ర చెప్పేటప్పుడు డాంజిగ్ అనీ, మిగతా కాలాలకు గడాన్‌స్క్ అనీ రాయాలని నిర్ణయించారు. కాలాన్ని బట్టి పేరు మార్చే ఈ ఉపాయం మన జిల్లాల పేర్లకూ పనికొస్తుంది. 2008కి ముందు సంఘటన రాస్తూ ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా’ అని రాయడం వింతగా ఉండదూ?

మూడో మనిషి, ఆ తరువాత రచ్చబండ

ఇద్దరే మాట్లాడుకుంటూ రెండుసార్లు అదే మాట అటూ ఇటూ తిరిగిందంటే మూడో మనిషిని పిలిచే వేళ అయింది. ఆ విషయం మీద ఆసక్తి లేని మనిషైతే మరీ మంచిది. సినిమా వ్యాసం గొడవకు వృక్షశాస్త్రం రాసేవారిని పిలవండి. వారిని అడగాల్సింది ‘ఎవరిది ఒప్పు’ అని కాదు. ‘ఈ రెండు వాక్యాల్లో ఈ మూలాలకు దగ్గరగా ఉన్నది ఏది’ అని అడగండి.

అక్కడా తేలకపోతే రచ్చబండ. ఒకే వ్యాసానికి పరిమితమైన పేచీని అక్కడికి ఈడ్చకండి, వందల వ్యాసాలకు వర్తించేదైతేనే తీసుకెళ్లండి. ప్రతిపాదన నాలుగైదు వాక్యాల్లో ఉండాలి, ఇరుపక్షాల వాదనా మీరే రాయాలి, ఎప్పటిదాకా అభిప్రాయాలు తీసుకుంటారో తేదీ వేయాలి. మద్దతు, వ్యతిరేకం అని సంతకాలు పడతాయి కాని ఆ సంఖ్య ఒక్కటే నిర్ణయం కాదు, కారణం లేని సంతకానికి బరువు తక్కువ. ‘పదిమందిని తెచ్చాను’ అని వాట్సాప్ గుంపులో పిలుపునిచ్చి ఖాతాలు తెరిపించేవారు ఉంటారు. కొత్త ఖాతాలన్నీ ఒకే గంటలో ఒకే మాట అంటే చూసేవారికి తెలియదా? అందరికీ తెలిసేలా చర్చ జరుగుతోందని చెప్పడంలో తప్పు లేదు, మీవైపు ఉండేవారికే ఏరి చెప్పడం తప్పు.

చర్చను ముగించేవారు అందులో వాదించనివారై ఉండాలి. నిర్ణయంతోపాటు కారణమూ రాయాలి. తొలగింపు చర్చల్లో ఇది మరీ ముఖ్యం. తన గురించి తానే వ్యాసం రాసుకున్న మనిషికి ‘విషయ ప్రాముఖ్యత లేదు’ అన్న మాట చెంపదెబ్బలా తగులుతుంది. ‘మీ పుస్తకాల గురించి ఇతరులు రాసిన సమీక్షలు దొరకలేదు, దొరికిన రోజున వ్యాసం మళ్లీ రావచ్చు’ అని రాస్తే అదే సంగతి, కాస్త మెత్తగా. సొంత ఊరు, సొంత బంధువు, సొంత సంస్థ, జీతమిచ్చే పార్టీ: వీటి వ్యాసాల్లో నేరుగా వేలు పెట్టకుండా చర్చ పేజీలో సూచన రాయడం మేలు. మా అత్తగారి ఊరి వ్యాసంలో నేను అదే చేస్తాను.

హద్దు దాటితే

తెవికీ సమాజం చిన్నది. సమావేశాల్లో కలుస్తాం, ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. చర్చ పేజీలో చల్లారనిది ఫోనులో చల్లారడం నేను చూశాను, అందులో తప్పు లేదు. ఫోనులో ఒప్పుకున్నదాన్ని చర్చ పేజీలో ఇద్దరూ రాయాలి, లేకపోతే మిగతావారికి అది చాటుమాటు వ్యవహారంగా కనిపిస్తుంది. ఈ పరిచయాల వల్లే ఒక ప్రమాదమూ ఉంది. మారుపేరుతో రాసే మనిషి అసలు పేరు, ఉద్యోగం, ఊరు, కులం తెలిసినవారు కోపంలో వాటిని బయటపెడతారు. దీనికి క్షమాపణతో సరిపెట్టే వీలు లేదు. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ బోర్డు 2020 డిసెంబరులో ఆమోదించిన విశ్వజనీన ప్రవర్తనా నియమావళి ప్రకారం అది వేధింపు. అలాంటిది కనబడితే చర్చలో జవాబివ్వకుండా నిర్వాహకులకు ఈమెయిలు చేయండి, ఆ కూర్పును పేజీ చరిత్రలో కూడా కనబడకుండా దాచగలరు. మీరు దాని మీద నలుగురిలో రాద్ధాంతం చేస్తే చూడనివారు కూడా చూస్తారు.

ఒకే మనిషి రెండు మూడు ఖాతాలతో వచ్చి తనకు తానే వంతపాడుతున్నాడని అనుమానం వస్తే నిందించకండి. మార్పుల లింకులు, వేళలు, ఒకేలా పడే అక్షర దోషాలు పోగుచేసి నిర్వాహకుల ముందు పెట్టండి. ఖాతాల సాంకేతిక తనిఖీకి స్థానికంగా ఎవరికీ హక్కు లేని వికీల్లో అన్ని వికీలకూ పనిచేసే స్టీవార్డులను అడిగే ఏర్పాటు ఉంది.

దిద్దుబాటు యుద్ధం ఆగకపోతే నిర్వాహకుడు పేజీని కొన్నాళ్లు సంరక్షిస్తాడు. ఎప్పుడు బిగించినా సరిగ్గా తప్పుడు కూర్పు మీదే బిగిస్తారన్నది వికీపీడియన్ల పాత హాస్యం. దాన్ని నిర్వాహకుడి తీర్పు అనుకుని ఆయన మీద విరుచుకుపడకండి. వాదనలో దిగిన నిర్వాహకుడే పేజీని బిగించినా, అవతలివారిని నిరోధించినా మాత్రం గట్టిగా అడగండి, ఆ పని ఇంకో నిర్వాహకుడు చేయాలి.

తేలాక చేయాల్సింది

ఒప్పందం కుదిరిన రోజున అందరూ హాయిగా నిద్రపోతారు, అసలు పని అక్కడే ఆగిపోతుంది. చర్చ పేజీలో ఆ విభాగం మొదట్లో మూడు వాక్యాలు రాయండి: పేచీ ఏమిటి, ఏ మూలాలు చూశాం, ఏ వాక్యం ఉంచాం. వ్యాసం పాఠ్యంలో ఆ అంకె పక్కన చదువరికి కనబడని వ్యాఖ్య పెట్టండి, ‘మార్చే ముందు చర్చ పేజీ చూడండి’ అని. దిద్దుబాటు పెట్టె తెరిచినవారికి అది కనబడుతుంది. అంకె సమాచారపెట్టెలోనూ, మొదటి వాక్యంలోనూ, వర్గంలోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. పైన 1897 అని రాసి అడుగున ‘1898 జననాలు’ వర్గం ఉంచేస్తే పేచీ మళ్లీ మొదలైనట్టే. అవతలి వాడుకరి ఆ వాక్యాన్ని చేర్చిన దిద్దుబాటు పక్కన కృతజ్ఞత తెలిపే లింకు ఉంటుంది, నొక్కండి. ఆ పేజీ మీ వీక్షణ జాబితాలో ఉండనివ్వండి, అల్లూరిది అయితే జూలై మొదటి వారంలో రోజుకొకసారి చూడండి.